మూడో పిలుపు

ఎలుగుగుట్ట మీది పాత కోటకు పొద్దుగూకాక ఎవరూ ఎక్కరు. అమ్రాబాద్ అడవి అంచున ఆ కోట కట్టిన రాజు పేరు చెప్పేవాళ్లు లేరు గానీ, అక్కడ చచ్చినవాళ్ల పేర్లు మాత్రం పిల్లలు కూడా చెప్తారు. కోట నడుమ, ఒకప్పుడు ధాన్యం దాచిన లోతైన పాతర ఉంది. అందులోని దెయ్యం మన ఇంటివాళ్ల గొంతుతోనే పిలుస్తుందట.

పోలీసు యాక్షనైన నాలుగేళ్లకు జరిగిందంటారు ఇది.

గొర్రెల కాపరి బీరప్ప ఆ మాపు గుట్ట కింద మంద నిలిపాడు. చూస్తే, నేడో రేపో ఈనే గొర్రె కనబడలేదు. తోడు పిలుద్దామంటే తమ్ముడు గుర్వయ్య ఉన్ని అమ్మడానికి అచ్చంపేట అంగడికి పోయాడు, రేపటిదాకా రాడు. మందకు కుక్కను కాపలా ఉంచి, గొంగడి కప్పుకొని ఒక్కడే ఎక్కాడు.

రెండు దర్వాజాలు దాటాడు. కూలిన గోడలు... సీతాఫలం పొదలు... ఆకు కదలడం లేదు. పాతర దగ్గరికి వచ్చేసరికి కిందినుంచి —

"అన్నా..."

గుర్వయ్య గొంతే. కానీ గుర్వయ్య అచ్చంపేటలో ఉన్నాడు కదా!

"అన్నా... నువ్వేనా?"

బీరప్ప నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. దెయ్యం రెండుసార్లకు మించి పిలవదు, మనిషైతేనే మూడోసారి పిలుస్తాడు, అందాకా పలకొద్దని వాళ్ల అవ్వ నేర్పింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండడుగులు వేసి వంగి చూస్తే సరిపోయేది. భయపడ్డవాడికి ఆ రెండడుగులే ఆమడ దూరం.

మూడో పిలుపు రాలేదు.

పడుతూ లేస్తూ గుట్ట దిగి, తెల్లారేదాకా మంద నడుమ కూర్చున్నాడు.

పొద్దున తల్లి భద్రమ్మ అంబలి ముంతతో వచ్చింది. చుట్టూ చూసి, "చిన్నోడేడిరా?" అంది. ఉన్ని తొందరగా అమ్ముడుపోయి నిన్న మాపటికే ఊరు చేరాడట. అన్నకు తోడు పడుకుంటానని ఇటే వచ్చాడట. దారిలో తప్పిపోయిన గొర్రె కనబడిందో ఏమో...

బీరప్ప ఉరికాడు. తాడు కట్టుకొని పాతరలోకి దిగాడు.

చచ్చిన గొర్రె పక్కన గుర్వయ్య. తొడ చీరుకుపోయింది. రాత్రంతా కారిన నెత్తురు మట్టిలో ఇంకింది. ప్రాణం కళ్లలో మాత్రమే ఉంది. బీరప్ప వాడి తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"మొత్తుకోకపోయినవేంది తమ్మీ?"

గుర్వయ్య పెదవులు మెల్లగా కదిలాయి.

"రాత్రి పైన ఏదో వచ్చి నిలబడ్డదన్నా... రెండుసార్లు పిలిచిన. పలుకలే. మనిషైతే పలుకుతడు గదా... అదింకా ఆడనే ఉన్నదేమోనని, తెల్లారేదాక నోరు మూసుకున్న."

ఈసారి కూడా బీరప్ప పలకలేదు.