నాన్న చేసిన కుర్చీకి నూరేళ్ళు

ఆవిడ పనే వయసు తుడిచెయ్యడం. పెళ్ళి ఫొటోల్లో అత్తగార్ల కళ్ళ కింద నలుపు, పెళ్ళికొడుకు బుగ్గ మీద మొటిమ, ఫర్నిచర్ షాపు కేటలాగులో సోఫా చేతి మీద గీత, అన్నీ ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంటే మాయం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే జీవనం. దీనికోసం ఇంటి వెనక గదికి బూడిదరంగు వేయించి, కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ కట్టింది. బయటి వెలుతురు పడితే తెర మీద రంగులు అబద్ధం చెబుతాయని ఆవిడ బాధ. ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు పెట్టే వేళలాగే ఉంటుంది. ఆ ఆదివారం పైగా ముసురు పట్టింది.

అలాంటి మనిషికి ఆరోజు వయసు పెట్టే పని పడింది. ఫొటోలు దిద్దేవాళ్ళు ఒక పదిహేను మంది ఫోన్లో గ్రూపు పెట్టుకుని నెలకో సరదా పోటీ నడుపుకుంటారు. బహుమతీ లేదు, పాడూ లేదు. గెలిచినవాళ్ళు నెల్లాళ్ళు గొప్పలు చెప్పుకోవచ్చు, అంతే. ఈసారి, కొత్త చెక్క సామాను ఏదైనా ఫొటో తీసి దాన్ని నూరేళ్ళ పాతదిగా మార్చాలి. సాయంత్రం ఆరింటికి గడువు. గ్రూపుకి పెద్ద గుండు మాస్టారు. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి, పొగడ్త దగ్గర మహా పిసినారి. ఆవిడకి వరసగా ఏడు నెలలు రెండో స్థానమే ఇచ్చి, పైగా 'రెండక్కయ్య' అని పేరు పెట్టాడు. గ్రూపంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి, ఫోను పక్కన పడేసి పళ్ళు కొరుక్కుంది.

ఈసారి మొదటి స్థానం తనదేనని పొద్దున లేస్తూనే అనుకుంది. ఎందుకంటే ఇంట్లో కుర్చీ ఉంది. నాన్న చేసిన కుర్చీ.

నాన్న వడ్రంగి. డెబ్బై ఎనిమిదేళ్ళు. భార్య పోయాక కూతురికి ఆయన, ఆయనకి కూతురు, ఆ ఇంట్లో ఇద్దరే. చేతులు వణుకుతున్నా ముందు గదిలో బల్ల వేసుకుని ఎనిమిది నెలలు పట్టి ఆ కుర్చీ చేశాడు. ఇదే ఆఖరు, ఇంక ఉలి ముట్టనన్నాడు. పాలిష్ వాసన ఇంకా పోలేదు. ఫొటో తీస్తూ పక్కకి జరగమని ఎన్నిసార్లు చెప్పినా జరగలేదు. ఫొటో తనకే తీస్తున్నట్టు, కుర్చీ వెనక నిలబడి దాని వీపు మీద చెయ్యేసి నవ్వాడు. సరేలే, తర్వాత తుడిచేద్దాం అనుకుని ఆవిడ నొక్కేసింది.

పన్నెండింటికి మొదలుపెడితే మూడయినా పని ముందుకి సాగలేదు. రంగు చంపింది. పగుళ్ళు గీసింది. దుమ్ము చల్లింది. ఎంత చేసినా కొత్త కుర్చీ మీద ఎవరో టీ ఒలకబోసినట్టుందే తప్ప పాతదనం రాలేదు. ఒళ్ళు మండి, సగం పని గ్రూపులో పెట్టి ఎలా ఉందని అడిగింది. కుర్చీ ముసలిదవలేదు, ముసలి వేషం కట్టిందన్నాడు గుండు మాస్టారు. ఉన్నమాటే కాబట్టి ఇంకా ఎక్కువ మండింది.

మధ్యలో నాన్న ఒకడు. టక్... టక్... అని చేతికర్ర చప్పుడు, వెనకాలే దగ్గు. తలుపు దగ్గర నిలబడి, నీళ్ళ మోటరు కట్టేశావా అని అడుగుతాడు. కట్టేశానంటుంది. పావుగంటకి మళ్ళీ టక్... టక్... మోటరు కట్టేశావా. ఆవిడకి నాన్నంటే ప్రాణం. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ కర్ర చప్పుడు వింటే ఏదో ఒకటి విసిరికొట్టాలనిపించింది. నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన మోటరు సంగతి వదిలేసి తెర వైపు చూశాడు.

"ఎనిమిది నెలలు కూర్చుని కొత్తది చేస్తే, ఒక్క పూటలో పాతది చేసేస్తున్నావా?"

"చెయ్యగలిగితే కదా నాన్నా" అంది ఆవిడ విసుగ్గా. "వయసెక్కడ దొరుకుతుందో తెలిస్తే తెచ్చి పెడదును. నువ్వెళ్ళి పడుకో."

ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. "దానికేం తల్లీ, నా దగ్గర బోలెడుంది. కావలసినంత తీసుకో. నేనేం చేసుకుంటాను?"

అని టక్... టక్... వెళ్ళిపోయాడు. ఆవిడ తలెత్తి కూడా చూడలేదు. తర్వాత ఆ సంగతి తలుచుకుని ఎంత ఏడ్చినా లాభం లేకపోయింది.

అప్పుడే ఆవిడ చూపు ఫొటోలో నాన్న చేతి మీద పడింది. వేళ్ళ కణుపుల దగ్గర ముడతలు. ఒకదాన్నొకటి కోసుకుంటూ, మధ్యలో సన్నటి నీడలతో, అచ్చం ఎండిన చెక్క పగుళ్ళలా ఉన్నాయి. ఫొటోలు దిద్దేవాళ్ళకి ఒక బ్రష్ ఉంటుంది. ఒకచోట ఉన్న గీతనో మచ్చనో ఎత్తి ఇంకోచోట అద్దుతుంది. ఎత్తినచోట ఉన్నది అలాగే ఉంటుంది, నకలు మాత్రమే వస్తుంది. ఆవిడ ఒక ముడత ఎత్తి కుర్చీ చేతి మీద అద్దింది.

పగులు పడింది. గీసిన పగులు కాదది. చెక్క లోపలికి దిగింది, దాని అంచున వెలుతురు విరిగింది. ముందు గదిలో ఏదో టప్పుమని చిట్లిన చప్పుడయింది. వానకి తలుపు ఉబ్బి ఉంటుందిలే అనుకుంది ఆవిడ.

రెండో ముడత. మూడోది. చేతి మీది గోధుమరంగు మచ్చ తీసుకెళ్ళి కుర్చీ కాలికి అద్దితే పుచ్చు పట్టినట్టయింది. అలా ఎంతసేపు చేసిందో, ఒకసారి నాన్న చెయ్యి చూస్తే నున్నగా ఉంది. ఎత్తినచోట గీతలు మిగలడం లేదు. ఆవిడ చిరాకు పడింది. అసలు ఫొటో మీద ఎప్పుడూ పని చెయ్యకూడదు, నకలు తీసుకుని దాని మీద చెయ్యాలి. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ మొదటి రోజే చెప్పే పాఠం అది. తొందరలో తనే మర్చిపోయింది. దానివల్లే ఈ బ్రష్ ఏదో తిక్కగా చేస్తోందనుకుంది. అయినా నాన్నని ఎలాగూ తుడిచేసేదే కదా. చెయ్యి అయిపోయాక మొహం దగ్గరికి వెళ్ళింది. నుదుటి మీద మూడు గీతలు తీసి కుర్చీ వీపుకి పెట్టింది. కళ్ళ చివర ముడతలు, మెడ మీద వదులు చర్మం, కనుబొమల తెలుపు. ఒక్కొక్కటీ వచ్చి చెక్కలో ఇంకిపోయింది.

ముందు గదిలో దగ్గు ఆగిపోయింది. కర్ర చప్పుడు కూడా లేదు. హమ్మయ్య, నిద్రపోయినట్టున్నాడు అనుకుంది.

అయిదున్నరకి పని పూర్తయింది. ఆఖర్న తుడిచేద్దామనుకున్న నాన్నని తుడవబుద్ధి కాక, ఫొటోని కుర్చీ వరకే కత్తిరించి గ్రూపులో పెట్టింది. అసలు ఫైలు కూడా, దిద్దిన పొరలన్నీ ఒకటిగా కలిపేసి, సేవ్ చేసి మూసేసింది. అలా మూసేస్తే చేసింది వెనక్కి తిప్పడం కుదరదు. కుదరాల్సిన అవసరం ఏముంది? ఇంతకన్నా బాగా జన్మలో చెయ్యలేదు.

గుండు మాస్టారు వెంటనే మెసేజ్ పెట్టాడు. మెచ్చుకోలేదు. ఇది దిద్దిన ఫొటో కాదు, నిజంగా పాత కుర్చీనే తెచ్చి ఫొటో తీశావు, మోసం అన్నాడు. కొత్త కుర్చీ అసలు ఫొటో గ్రూపులో పెడితేనే లెక్కలోకి తీసుకుంటాడట. ఏడు నెలలు రెండో స్థానం మింగినావిడకి ఆ మాటతో కోపం తలకెక్కేసింది. కెమెరాలోంచి కార్డు తీసి, పొద్దున తీసిన ఫొటో తెరిచింది.

కుర్చీ నల్లగా ఉంది. సీటు కుంగిపోయి, ఒక కాలు పుచ్చి డొల్లయింది. దాని వెనక ముప్ఫై ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. నల్లటి మీసం. నాన్న వదులు చొక్కా ఆ భుజాలకి బిగుతుగా పట్టింది. అదే నవ్వు.

కార్డు మీదే సేవ్ చేసి చచ్చానా, అని ఆవిడ తనని తనే తిట్టుకుంది. ఇంక ఇరవై నిమిషాలే ఉంది. కుర్చీని మళ్ళీ ఒక ఫొటో తీసి గుండు మాస్టారి మొహాన కొడదామని కెమెరాలో ఇంకో కార్డు వేసుకుని లేచింది. అప్పుడు వినబడింది.

సర్ర్... సర్ర్... సర్ర్...

చిత్రిక చప్పుడు. చెక్కని నున్నగా చెయ్యడానికి చిత్రిక పట్టే చప్పుడు. నాన్న పడితే అది తడబడుతుంది, ఆగి ఆగి కదులుతుంది. ఇది ఈ కొస నించి ఆ కొసకి ఒక్క ఊపున పోతోంది. నడవాలోకి రాగానే వాసన తగిలింది. పాలిష్ వాసన కాదు. ఎన్నేళ్ళుగానో మూసిపెట్టిన గదిలో తడి చెక్క వాసన, పుచ్చు పొడి వాసన.

ముందు గదిలో లైటు వెయ్యలేదు. వాన వెలుతురులో కుర్చీ కనబడింది. నల్లగా, కుంగిపోయి. దాని కింద చెక్కపొడి కుప్పగా రాలి ఉంది. అది ఇంకా రాలుతోంది... చూస్తుండగానే సన్నగా, చప్పుడు లేకుండా రాలుతోంది. చేతికర్ర నేల మీద పడి ఉంది. బల్ల దగ్గర ఆ ముప్ఫై ఏళ్ళ మనిషి చిత్రిక ఆపి తలెత్తాడు.

"ఎవరు కావాలండీ?"

"నాన్నా..." అంది గుసగుసగా.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరున్నారోనని. ఎవరూ లేరు. ఆవిడని జాలిగా చూశాడు. మా ఆవిడ బజారుకి వెళ్ళింది, వచ్చేస్తుంది, కూర్చోండి అన్నాడు. ఆ కుర్చీలో మటుకు వద్దన్నాడు.

"పుచ్చిపోయిందండీ. చేసినవాడు మాత్రం మంచి పనివాడు. పాపం, ముసలాయనై ఉంటాడు... ఇక్కడ చూడండి, చెయ్యి వణికింది."

ఆవిడ తన గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుంది. భయం ఉంది. భయాన్ని మించి దుఃఖం ఉంది. నాన్న ఏనాటికో ఒకనాటికి పోతాడని ఆవిడకి తెలుసు, దానికి మనసు గట్టి చేసుకుంటూనే ఉంది. నాన్న ఎదురుగా నిలబడి తనని 'అండీ' అంటాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఫైలు తెరిచింది. వెనక్కి తిప్పే మీట నొక్కింది. కదల్లేదు. మళ్ళీ నొక్కింది... మళ్ళీ... ఒకటే పొర. ఏదీ వెనక్కి రాదు. కుర్చీ వీపు మీంచి ఒక పగులు ఎత్తి ఆయన నుదుటి మీద అద్దింది. గీత పడింది. కుర్చీ మీది పగులు మాత్రం అలాగే ఉంది. ఇంకోటి ఎత్తింది. అదీ అంతే. పద్దెనిమిదేళ్ళుగా ఎలా పనిచేసిందో ఆ బ్రష్ ఇప్పుడు అలాగే, బుద్ధిగా, నకళ్ళు మాత్రమే తీస్తోంది.

"నువ్వే కదా తీసుకోమన్నావు" అంది ఏడుస్తూ. "వెనక్కి తీసుకో నాన్నా. మొత్తం తీసుకో. మోటరు సంగతి వందసార్లు అడుగు."

ఫోను మోగింది. గ్రూపంతా గుండు మాస్టారి మీద తిరగబడి రెండక్కయ్యకి మొదటి స్థానం ఇప్పించారట. ఆవిడ దాన్ని బోర్లా తిప్పేసింది.

చిత్రిక చప్పుడు ఆగింది. ముందు గదిలోంచి ఆయన గొంతు వినబడింది. గట్టిగా, హుషారుగా, దగ్గు లేకుండా.

"పిచ్చుకా! ఎక్కడున్నావే?"

పిచ్చుక ఆవిడే. ఆ పేరుతో ఆయన ఒక్కడే పిలుస్తాడు, ఆవిడని తప్ప ఇంకెవర్నీ పిలవలేదు. గుర్తొచ్చాను, అనుకుంది. కన్నీళ్ళు తుడుచుకుని లేచి, వస్తున్నా అనడానికి నోరు తెరిచింది.

"ఇక్కడే నాన్నా."

ఆవిడ అనలేదు. నోరు ఇంకా తెరిచే ఉంది. మాట తలుపు అవతలి నించి వచ్చింది... తలుపుకి ఆనుకుని నిలబడ్డంత దగ్గర నించి. ముందు పళ్ళు ఊడిన చిన్నపిల్ల గొంతు.

"నాన్నా, ఈ గదిలో ఎవరో ఏడుస్తున్నారు. ఎవరావిడ?"

అడుగులు దగ్గరికి వచ్చాయి. గబగబా, కర్ర లేకుండా. తలుపు కింద సందులో రెండు నీడలు... ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"తెలీదు తల్లీ" అన్నాడు నాన్న, పిల్లని భయపెట్టకూడదన్నట్టు మెల్లిగా. "నువ్వు ఇలా రా. తలుపు దగ్గరికి వెళ్ళకు."

బయట నించి గడియ పడింది. ఆ తలుపుకి బయటి గడియని నాన్న తన చేతుల్తో ఊడదీసి ముప్ఫై ఏళ్ళు దాటింది.