కీచుమనే కొత్త చైను

"కొత్త చైనండీ. వేయించుకుని వారం కూడా కాలేదు. ఎలా కీచుమంటోందో వినండి."

సైకిల్ షాపు ముందు నిలబడి డ్రాయింగ్ మాస్టారు కోపంగా పెడల్ తిప్పాడు. బడిలో పిల్లల మీద కోపం తెచ్చుకోవడం చేతకాని మనిషి, పాపం చైను మీద మాత్రం బాగానే తెచ్చుకున్నాడు.

రిపేరు బల్ల దగ్గర నుంచి షాపు యజమాని కూతురు లేచి వచ్చింది. చైను మీద వేలు రాసి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"కడిగారా?"

"శుభ్రంగా. కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో తోమి, ఎండబెట్టాను."

"తర్వాత ఆయిల్?"

"కొత్తదానికి ఆయిల్ ఎందుకండీ?"

ఆమె నవ్వు ఆపుకుందామనుకుంది కానీ కుదరలేదు. "కంపెనీ పెట్టిన గ్రీజంతా కడిగేసి, మా మీదకి పోట్లాటకొచ్చారా? కొత్త చైనుకి పైన జిగురు తుడిస్తే చాలు. లోపలిది వదిలెయ్యాలి."

పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసింది. కాసేపు ఆగి పొడిగుడ్డతో పైనంతా తుడిచింది. "ఆయిల్ పైన మిగిలితే దుమ్ము పట్టేస్తుంది. అందుకే తుడవాలి. అర్థమైందా?"

మాస్టారు బుద్ధిగా తల ఊపాడు. ఏం అర్థమైందో అడిగితే మాత్రం చెప్పలేడు. ఆమె బుగ్గ మీద గ్రీజు మరక ఉంది. ఇంతసేపూ దాన్నే చూస్తున్నాడు.

వారం తిరక్కుండా చైను మళ్లీ కీచుమంది. ఆ తర్వాతా అంతే. వచ్చినప్పుడల్లా ఆమె కసిరేది, అతను నవ్వేవాడు. వాన పడితే ఆగేదాకా కూర్చునేవాడు. ఆగాక కూడా కూర్చునేవాడు.

కౌంటర్ దగ్గరున్న తండ్రికి మాత్రం ఇందులో నవ్వులాట ఏమీ కనిపించలేదు. ఒక సాయంత్రం మాస్టారి సైకిల్ చప్పుడు వినగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇక చాలమ్మాయ్. ఒక్క చైనుకి ఆయిల్ పట్టించలేకపోతున్నావు. మన పనితనం వీధి మొత్తానికీ వినిపిస్తోంది. రేపటి నుంచి నువ్వు కౌంటర్లో కూర్చో. బల్ల దగ్గర ఇంకో మనిషిని పెడతాను."

ఆ బల్ల కోసం ఒకప్పుడు ఆమె తండ్రితో పోట్లాడింది, అలిగింది, అన్నం మానేసింది. ఇప్పుడు మాత్రం నోరు మెదపలేదు. చేతిలో గుడ్డ మడతపెట్టి బల్ల మీద ఉంచింది.

అప్పటికే సైకిల్ దిగిన మాస్టారు అంతా విన్నాడు. నిజం చెబితే ఇక ఈ షాపు గుమ్మం తొక్కనివ్వరు. చెప్పకపోతే ఆమె పని పోతుంది.

"తప్పు మీ అమ్మాయిది కాదండీ. ఆవిడ ఆయిల్ బాగానే వేస్తున్నారు. నేనే ఇంటికెళ్లి కడిగేస్తున్నాను."

"ఎందుకు?" తండ్రికి నిజంగానే అర్థం కాలేదు.

"చైను బాగుంటే ఇక్కడికి రావడానికి ఇంకో వంక దొరకదు. మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ. ఆ మాట చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్లూ కిరోసిన్ కొన్నాను."

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఆయిల్ పట్టించిన చైను అంత తొందరగా ఎండిపోదు నాన్నా. రెండోసారి వచ్చినప్పుడే తెలిసిపోయింది."

"మరి ఇందాక అన్ని మాటలంటుంటే నోరు విప్పవేం?"

"చెబితే ఈయన రావడం మానేస్తారని."

"బల్ల పోయినా ఫర్వాలేదా?"

"బల్ల కోసమైతే నీతో మళ్లీ పోట్లాడి తెచ్చుకుంటాను. ఈయన రాకపోతే ఎవరితో పోట్లాడను?"

మాస్టారికి ఆ మాట నమ్మడానికి కాసేపు పట్టింది. తండ్రి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"దొందూ దొందే. ఇద్దరూ కలిసి నా షాపు పరువు తీశారు" అంటూ గుడ్డ తీసి కూతురి చేతికిచ్చాడు. తర్వాత మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక దాన్ని కడక్కండి మాస్టారూ, అరిగిపోతుంది. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురండి. ఈలోగా రావాలనిపిస్తే ఊరికే రండి."