బ్రేకు డబ్బాలో దూది

ఆదివారం ఉదయం 11.42. కొండ రేసులో ఏడో మలుపు. నదీమ్ కారుకు బ్రేకు పడలేదు. రాతిగోడను కొట్టి రెండు పల్టీలు వేసింది.

మనిషి బతికాడు. అంతే. మూడు రోజులుగా స్పృహ లేదు.

లెబనాన్‌లో అప్పటికే కరెంటు రోజుకు రెండు గంటలు. మందుల షాపుల్లో మందులు లేవు. ఆ కొండ ఊళ్ళవాళ్ళు గొప్పగా చెప్పుకోవడానికి మిగిలింది నదీమ్ ఒక్కడే. ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు. జనానికి తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. మెకానిక్ హాగోప్ దొరికాడు. ప్రత్యర్థుల దగ్గర డబ్బు తిని బ్రేకు పాడుచేశాడని బుధవారానికల్లా లోయంతా పాకింది.

ఇన్‌స్పెక్టర్ షల్హూబ్ ఆసుపత్రికి షేర్ టాక్సీలో వచ్చాడు. జీపులో పెట్రోలు లేదు. టైము 1.10. హాగోప్‌ను అరెస్టు చేయాలా వద్దా, నాలుగింటికల్లా రిపోర్టు పోవాలి.

ఐసీయూ బయట బెంచీ మీద హాగోప్, నదీమ్ చెల్లెలు మిరేయ్ కూర్చుని ఉన్నారు.

"బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

"రేసుకు పది రోజుల ముందు సార్. దొరికిన ఆఖరి డబ్బా."

"తర్వాత కారెక్కడుంది?"

"నదీమ్ వాళ్ళింటి షెడ్డులో."

"శనివారం ప్రాక్టీసులో నదీమ్ ఏమన్నాడు?"

"పెడల్ మెత్తగా ఉందన్నాడు. బ్రేకు పైపులో గాలి చేరిందనుకుని తీసేశాను." హాగోప్ తల దించుకున్నాడు. "మళ్ళీ మార్చడానికి ఆయిల్ లేదు సార్."

"చేతులు దేంతో తుడుచుకుంటావు?"

"పాత చొక్కాగుడ్డలతో. ఎందుకు?"

షల్హూబ్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో శనగగింజంత తెల్లటి ముద్ద.

"కారులో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా జల్లెడలో దొరికింది. మావాళ్ళు గుడ్డపీలిక అనుకుని పక్కన పడేశారు. ఇది దూది. ఆయిల్ పైన ఇంకో నూనె తేలుతోంది. ల్యాబ్‌లో కరెంటు లేదు, వాసన చూశాను. ఆలివ్ నూనె."

హాగోప్ కవరు మీదికి వంగి చూశాడు. "అది తగిలితే రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి సార్. ఏ మెకానిక్కూ ఆ పని చేయడు."

"చేయడు. పగవాడైతే పైపు కోస్తాడు. దూది పట్టుకుని నూనె వేసేదెవరు?"

మిరేయ్ అద్దం తలుపు వైపు చూసింది. లోపల తల్లి వార్దా కొడుకు పాదాలకు నూనె రాస్తోంది. కొండమీది మఠం నుంచి తెచ్చిన చిన్న సీసా, అందులో ముంచిన దూది. ఆ ప్రసాదపు నూనె లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. షల్హూబ్ మోకాలికి కూడా భార్య రోజూ అదే రాస్తుంది.

"అమ్మకు చెప్పకండి," అంది మిరేయ్. "తట్టుకోలేదు."

"నేనే తప్పు సీసా పోశానని రాయండి సార్," అన్నాడు హాగోప్. "ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి."

"నీకు మళ్ళీ ఎవడైనా రిపేరుకు కారు ఇస్తాడా?"

"ఇప్పుడు మాత్రం ఎవడిస్తున్నాడు?"

షల్హూబ్‌కు ప్రాణం విసిగిపోయింది. కాగితం తీసి రాశాడు: సీళ్ళు చెడిపోయాయి, దురుద్దేశం లేదు. ఇందులో అబద్ధం లేదనుకున్నాడు. ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

వార్దా బయటికి వచ్చింది. "తేలిందా నాయనా?"

"తేలిందమ్మా. ఎవరి తప్పూ కాదు. వస్తువు కదా, అరిగిపోయింది."

"నాకు తెలుసు. హాగోప్ అలాంటివాడు కాదు." అతని తల నిమిరి గొంతు తగ్గించింది. "నా బిడ్డ ప్రాణం నిలిచింది ఈ నూనెతోనే. రేసుకు వారం ముందు బ్రేకు డబ్బాలో కాస్త పోశాను. వాడు పోస్తుంటే ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాగా. అదీ నూనే, ఇదీ నూనే. ఇంకాస్త పోసుంటే అసలు దెబ్బే తగిలేది కాదు."

కూతురి వైపు తిరిగింది.

"అందుకే ఇందాక కిందికెళ్ళి నీ కారు బ్రేకు డబ్బాలో ఇంకో సీసాడూ పోసొచ్చాను."

కారు తాళం మిరేయ్ చేతిలోనే ఉంది. రెండింటికి ఆమె మందుల కోసం బీరూట్ వెళ్ళాలి. దారంతా మలుపులే.

షల్హూబ్ చేయి చాపి తాళం తీసుకున్నాడు. రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చుని, వార్దాకు పక్కన చోటు చూపించాడు.

"ఇలా కూర్చోమ్మా," అన్నాడు. "నీకో మాట చెప్పాలి."