మూడు చుక్కల నీళ్ళు

విశ్రాంతమ్మ చేసిన పనిని దేవుడు క్షమించినా తాను క్షమించనని అంతోనయ్య ఆరేళ్ళుగా అంటూనే ఉన్నాడు. పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన బిడ్డ, అదీ ఏడో నెలలోనే పుట్టి దవాఖానా అద్దాల పెట్టెలో ఊపిరికి కొట్టుకుంటున్న బిడ్డ. ఆ బిడ్డ నెత్తిన గ్లాసెడు చన్నీళ్ళు పోసింది సొంత అమ్మమ్మే. అత్త కాబట్టి నోటితో తిట్టి ఊరుకున్నాడు. ఆమెను మాత్రం మళ్ళీ గడప తొక్కనివ్వలేదు.

ఆ శనివారం పొద్దున ఖానాపురం హవేలిలోని రేకుల ఇంట్లో అతను చెప్పులేసుకుంటున్నాడు. గోడ పక్కన ఆరేళ్ళ కూతురు స్తుతి స్టీలు పళ్ళెం బొంగరంలా తిప్పుతోంది. అది పడిపోతే మళ్ళీ తిప్పుతోంది. అతని భార్య లూర్దమ్మ కూతురి వెనకాల కూర్చుని తడి జుట్టును తువ్వాలతో తుడుస్తోంది. ఆరిన జుట్టునే మళ్ళీ తుడుస్తోంది.

"ఇయ్యాల డ్యూటీకి పోకయ్యా. హైదరాబాద్ నుంచి డాక్టరమ్మ వస్తున్నదట. సిస్టరమ్మల బడికాడ గిసొంటి పిల్లల్ని చూస్తదట."

"ఇంకెంతమంది చూడాలె? చెవులు మంచిగున్నయన్నరు. గొంతు మంచిగున్నదన్నరు. మంచిగ లేనిదల్లా మీ అమ్మ బుద్ధి."

"పొద్దుపొద్దుగాల మా అమ్మ ఎందుకొచ్చింది మధ్యల?"

"మధ్యల నుంచి ఎప్పుడు పోయిందని?"

లూర్దమ్మ లేచి వచ్చి అతని చెప్పుల ముందు నిలబడింది. అక్కడి నుంచి కదల్లేదు. చివరికి అతనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానన్నాడు.

అంతోనయ్య ఐదో తరగతిలో బడి మానేశాడు. ఇరవై ఏళ్ళుగా గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మెషీన్ మీద ఉన్నాడు. పొద్దుగూకులూ రాయి మీద నీళ్ళు పారుతూనే ఉంటాయి. పలకలో వెంట్రుకంత చీలిక ఉంటే చాలు, నీళ్ళు దాన్లోకి దిగిపోతాయి. పైన ఎంత మెరుగు పెట్టినా లోపలి మచ్చ పోదు. అలాంటి పలకను కొనేవాడు ఒక్క చూపులో పట్టేసి పక్కన పడేస్తాడు. స్తుతికి రెండేళ్ళు నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయేసరికి అతనికి ఆ రాయే గుర్తొచ్చింది. నెలలు నిండని బిడ్డ మాడు మెత్తగా ఉంటుంది, ఎముక కలిసి ఉండదు. ఆ సందులోంచే నీళ్ళు లోపలికి దిగాయి. ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. తనే అనుకున్నాడు, తనే నమ్మాడు.

బడి గదిలో డాక్టరమ్మ స్తుతిని గంటసేపు చూసింది. పేరు పెట్టి పిలిచింది, బంతి దొర్లించింది. సబ్బు బుడగలు ఊదింది. స్తుతి డాక్టరమ్మ మొహం చూడలేదు, ఫ్యాను రెక్కలనే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత డాక్టరమ్మ కాన్పు సంగతులు అడిగింది. బీపీ పెరిగి లూర్దమ్మకు ముప్పయ్యో వారంలోనే ఆపరేషన్ చేశారనీ, బిడ్డ కిలో రెండువందల గ్రాములుందనీ విని కాగితం మీద రాసుకుంది.

"దీన్ని ఆటిజం అంటారు. పాప మెదడు మనలా కాకుండా ఇంకో రకంగా పనిచేస్తుంది. ఇది పెంపకంలో తప్పు కాదు. మొండితనమూ కాదు."

"ఎందుకొచ్చింది మేడం?" అన్నాడు అంతోనయ్య.

"ఇదీ కారణం అని చెప్పలేను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తోందని ఈమధ్య అంటున్నారు. అంతమాత్రాన మీ పాపకు అందువల్లే వచ్చిందని అనలేం. నిండు నెలల పిల్లలకూ వస్తుంది. ఏడో నెలలో పుట్టి హాయిగా బడికి పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు."

అంతోనయ్య కుర్చీ అంచుకు జరిగాడు. ఈ మాట కోసమే వచ్చినట్టు అడిగాడు. "మరి నీళ్ళ సంగతి మేడం?"

"ఏ నీళ్ళు?"

"పెట్టెల ఉన్నప్పుడే మా అత్త దీనికి జ్ఞానస్నానం ఇచ్చింది. బిడ్డ దక్కదనుకుంటే ఫాదర్ వచ్చేదాంక ఆగరు మా మతంల. ఎవరైనా నెత్తిన నీళ్ళు పోసి పేరు పెట్టొచ్చు. గ్లాసెడు పోసింది. అయి మాడుల నుంచి లోపలికి దిగినయి."

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. "మాడు మీద చర్మం ఉంటుంది బాబూ. కింద గట్టి పొర ఉంటుంది. పైన పోసిన నీళ్ళు మెదడులోకి పోవు. ఆ నీళ్ళకూ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"పోవా?"

"పోవు."

"ఒక్క చుక్క గూడ?"

"ఒక్క చుక్క కూడా."

పక్కన సన్నగా మూలుగు వినిపించింది. లూర్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"ఇంతకు ముందు ఏమైనా వైద్యం చేయించారా?" అని డాక్టరమ్మ అడిగింది. అంతోనయ్య తల దించుకున్నాడు. పాపను తీసుకుని మూడు నెలలు హైదరాబాద్‌లో ఉండాలని ఆమె చెప్పింది. అక్కడ నేర్పించే పద్ధతులు నేర్చుకుని ఇంట్లో రోజూ చేయించాలట. ఓపికగా పక్కన కూర్చునే మనిషి ఇంట్లో ఇంకొకరుంటే మంచిదట.

వరండాలోకి రాగానే లూర్దమ్మ స్తంభాన్ని పట్టుకుంది.

"ఏందే, గట్ల ఏడుస్తున్నవ్? మంచి మాటే చెప్పింది గద. మీ అమ్మ బతికిపోయింది."

"మా అమ్మ పొయ్యలేదయ్యా."

"ఏంది?"

"నీళ్ళు మా అమ్మ పొయ్యలేదు. నేను పోసిన."

అంతోనయ్యకు బడి పిల్లల గోల దూరంగా వెళ్ళిపోయినట్టనిపించింది.

"ఆ రాత్రి నువ్వు మందులకు పోయినవ్. దీని రంగు మారింది. తెల్లారేదాంక ఉండదన్నది నర్సమ్మ. పేరు లేకుంట పోతదేమో అని నా పానం ఆగలే. కుట్లు పట్టుకుని లేచిన. అమ్మ గ్లాసు పట్టుకున్నది. నేను దూది ముంచి మూడు చుక్కలు పిండిన. మూడే మూడయ్యా. స్తుతి అని పేరు పెట్టిన. నువ్వు రాంగనే అమ్మ చేతిల గ్లాసు చూసినవ్. ఎవరు పోసిర్రని మీద మీదికొచ్చినవ్. నేనే అన్నది అమ్మ."

"ఎందుకన్నదే గట్ల?"

"నీ కోపం ఆమెకు ఎరుకే. నేనేమో పచ్చి బాలింతను."

"ఆరేండ్లే! ఆరేండ్ల సంది నేను ఆ ముసల్దాన్ని తిడుతుంటే చెవుల వడలేదా నీకు?"

"వడ్డది. రోజూ వడ్డది." లూర్దమ్మ గొంతు లేచింది. "మొదాల నువ్వు ఎల్లగొడతవని భయం. తర్వాత ఇంకో భయం. నువ్వు చెప్పంగ చెప్పంగ నేను గూడ నమ్మిన. నా చేతుల్తోనే నా బిడ్డను గిట్ల చేసుకున్ననేమో అని. దాని నెత్తి ఎందుకు తుడుస్తుంటనో ఎన్నడన్న అడిగినవా? తడి ఉంటే లోపలికి పోతదని!"

అంతోనయ్య మెట్ల మీద కూలబడ్డాడు. తువ్వాలతో రుద్ది రుద్ది కూతురి పాపట దగ్గర చర్మం ఎర్రగా కమిలింది. అది రోజూ కళ్ళ ముందే ఉంది. ఈరోజు చూశాడు.

లేచి నిలబడి అడిగాడు. "భద్రాచలం బస్సు ఎన్నిటికి?"

విశ్రాంతమ్మ భద్రాచలం దారిలో పాల్వంచ దాటాక అడవి అంచు ఊళ్ళోని ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. వాళ్ళు బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. వంటశాల ముందు ఆ ఊరి జంపక్క అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది.

"విశ్రాంతక్కా, చుట్టాలొచ్చిర్రు! మొగాయన మొకం చూస్తే చావు కబురు తెచ్చినట్టున్నది!"

విశ్రాంతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మనిషి సగమైంది. అల్లుడిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"బిడ్డకేమన్న అయిందా?"

"ఏం కాలే అత్తా. నాకే..." అతను ఆమె కాళ్ళ దగ్గరికి వంగబోయాడు.

"లెవ్వు అయ్యా, లెవ్వు. ఆరేండ్లు దొరకని తోవ ఇయ్యాల దొరికిందా?"

"లూర్ది చెప్పింది. అంతా చెప్పింది."

ఆమె కూతురి వంక కోపంగా చూసింది. "ఎందుకు చెప్పినవే? నేను మోస్తున్న గద."

"నీళ్ళతోని కాలేదంటమ్మా," అంది లూర్దమ్మ. "డాక్టరమ్మ చెప్పింది. ఎవ్వరి చేతుల తప్పూ లేదంట."

ముసలామె కూతురి భుజం పట్టుకుంది. "లేదా? నిజంగ లేదా? గ్లాసు పట్టుకున్నది నేనే గద బిడ్డా. రోజూ దేవుని ముంగట ఒప్పుకుంటున్న." ఇక నిలబడలేక గడప మీద కూర్చుని ఏడ్చింది. తల్లీ కూతుళ్ళను అలా చూస్తుంటే అంతోనయ్యకూ కన్నీళ్ళు ఆగలేదు.

స్తుతి వాళ్ళెవరినీ చూడలేదు. జంపక్క ఆకుల కట్ట దగ్గర చేరి నేల మీద ఒక్కో ఆకునూ వరసగా పేరుస్తోంది. విశ్రాంతమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళి పక్కనే కూర్చుంది. పిలవలేదు, ముట్టుకోలేదు. ఒక ఆకు అందించింది. స్తుతి తీసుకుని వరసలో పెట్టింది. ఇంకోటి అందించింది. అదీ తీసుకుంది.

"ఇంటికి రా అత్తా," అన్నాడు అంతోనయ్య. "దీన్ని తీస్కొని మూడు నెలలు హైదరాబాద్‌ల ఉండాల్నంట, ఓపికున్న మనిషి కావాల్నంట. నాకు ఓపిక లేదు. ఉంటే ఆరేండ్ల కింద అడిగి తెలుసుకుందును."

"వస్త. హైదరాబాద్ పోవాల్నన్నా వస్త." ఆమె ఇంకో ఆకు అందించింది. "మూడు నెలలంటే కిరాయి, ఖర్చు ఉంటయి గద. మీ నాయన నీకు నేలకొండపల్లిల ఇచ్చిన చెలక భూమి ఉన్నది. అది అమ్మరాదు?"

"కౌలుకిచ్చిండు అమ్మా," అంది లూర్దమ్మ.

"కౌలుకియ్యలే," అన్నాడు అంతోనయ్య. "అమ్మిన. పోయిన ఏడాది అమ్మిన."

లూర్దమ్మ దిగ్గున లేచింది. "ఎవరికి? పైసలేవి?"

"కొత్తగూడెం లాడ్జిల ఒక మందులాయన దిగిండు. నెత్తిల చేరిన నీళ్ళు ముక్కుల నుంచి దించుతనన్నడు. నువ్వు చుట్టాలింటికి పోయినప్పుడు దీన్ని రెండుసార్లు తీస్కపోయిన. పైసలన్నీ ముందుగాల్నే తీస్కున్నడు. మూడోసారి పోతే లాడ్జిల లేడు."

జంపక్క చేతిలోని పుల్ల ఆగిపోయింది. లూర్దమ్మ మళ్ళీ కూలబడింది. విశ్రాంతమ్మ అల్లుడి మొహంలోకి చూసింది. తిట్టలేదు. తన పక్కన నేల మీద చోటు చూపించింది. అతను వచ్చి కూర్చున్నాడు.

"లేని నీళ్ళు తీసెటందుకు ఎంత భూమి అమ్మినవ్ బిడ్డా?"

"అంతా అత్తా. ఎకరం పదకొండు గుంటలు."