అవ్వ తుంటిలో ఇంకొకరి ఎముక

కృపాకుమారి నాతో అన్న మొదటి మాట, "ఆ మంచం మీదనుంచి లెయ్. అది పేషెంట్‌ది."

మా అవ్వ సిద్దమ్మ ఎక్స్‌రేకి వెళ్ళిందని, ఖాళీ మంచాన్ని చూసి జాలేసి పడుకున్నానని చెప్పాను. ఆమె నవ్వలేదు. చేతిలో ఉన్న ఫైలుతో నా మోకాలి మీద ఒక్కటి వేసింది. రెండువేల ఆరులో అనంతపురం జిల్లాలో కురిసిన మొదటి వాన ఆ దెబ్బే.

ఆమె ఆ ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు. ఆపరేషనైన వాళ్ళను నడిపించడం ఆమె పని. నన్ను మాత్రం మొదటిరోజే కుంటించి వరండాలోకి పంపింది.

అవ్వకు పదేళ్ళ కిందట ఎడమ తుంటి మార్చారు. ఇప్పుడు లోపల అమర్చిన కీలు గిన్నె వదులై, చుట్టూ ఎముక అరిగి గుంత పడింది. పాత గిన్నె తీసేసి, దాచి ఉంచిన వేరేవాళ్ళ ఎముకను చిన్న ముక్కలు చేసి గుంతలో పొరలు పొరలుగా దట్టించి, దాని మీద కొత్త గిన్నె కూర్చోబెడతామని డాక్టరు చెప్పాడు. అవ్వకు చప్పున అర్థమైంది. పడుచుతనమంతా వాన కారకుండా మట్టిమిద్దెల మీద చవుడు మన్ను పోసి, దిమ్మిసతో గట్టిపడేలా కొట్టిన మనిషి.

"మిద్దె కారితే మేం చేసేదే కదా సామీ, కానీండి" అంది.

అంతా సవ్యంగానే ఉంది. మధ్యలో నేనున్నాను.

ఆ సాయంత్రం, "ఆ ఎముక ఎవురిది రా తిప్పేషూ" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు పుట్టుకతోనే రాదు. చిలమత్తూరులో రోజుకు నలభై మైళ్ళు పరిగెత్తే ఒకాయన ఉండేవాడని, లారీ గుద్ది పోయాడని, లారీకే ఎక్కువ దెబ్బలు తగిలాయని చెప్పాను. అవ్వ నవ్వుతుందనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున డాక్టరుతో ఆపరేషన్ వద్దంది.

కారణం నాకొక్కడికే తెలుసు. తాత పోయిన ఏడు పామిడి దగ్గర పెన్నలో చుక్క నీళ్ళు లేవు. అస్థికలను ఇసకలో కలపనని అవ్వ ఆ కుండను మూడు నెలలు చెట్టుకు కట్టి ఉంచింది. రోజూ వెళ్ళి చూసొచ్చేది. ఏరు పారిన రోజు నడుములోతు దిగి తనే కలిపింది. అలాంటి మనిషి, చనిపోయినవాడి ఎముకను నీళ్ళకివ్వకుండా తన ఒంట్లో పెట్టించుకుంటుందా?

కృపాకుమారి నన్ను వరండాలో నిలబెట్టింది. ఇంకో నాలుగు నెలలాగితే గుంత పెద్దదై అవ్వ మంచం దిగలేదని చెప్పి, ఏం చెప్పి భయపెట్టావని అడిగింది. చెప్పాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వు నవ్వించేదానికి చెప్తావ్. ఆయమ్మ నువ్వు చెప్పిందల్లా నమ్ముతాది. అది ఎప్పుడన్నా ఆలోచించినావా?"

నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళాను.

"చిలమత్తూరాయన లేడవ్వా. నేనే పుట్టించినా."

అవ్వ నావైపు తిరిగింది. "మరి ఎవురిది?"

మధ్యాహ్నం కృపాకుమారి వాళ్ళ నాన్న జయచంద్రను వెంటబెట్టుకొచ్చింది. పోయినేడు ఆయనకూ తుంటి మార్చారట. తీసేసిన తొడ ఎముక పైగుండును పారేయకుండా, పరీక్ష చేసి, చలిపెట్టెలో గడ్డకట్టించి దాచారట. ఇక్కడ వాడేవన్నీ అలా బతికున్నవాళ్ళు ఇచ్చినవేనని ఆమె చెప్పింది. ఎవరిది ఎవరికి పోతుందో మాత్రం చెప్పరు.

"నీ ఎముక యాడికో పాయ. బాధ లేదాప్పా?" అని అవ్వ ఆయన్ను అడిగింది.

"పొద్దున నడిచేటప్పుడు అనుకుంటామ్మా, యాడో ఇంకొకరు కూడా నడుస్తాంటారని."

అవ్వ కాసేపు కళ్ళు తుడుచుకుంది. ఆపరేషన్‌కు వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ కాలి మీద బరువు మోపకుండా ఆరువారాలు. తరవాత వాకర్‌తో కొద్దికొద్దిగా. అవ్వ వారానికోసారి ఆసుపత్రికి రావాలి. నేను మాత్రం అవ్వ లేని రోజుల్లో కూడా వచ్చేవాణ్ణి. ఒకరోజు కృపాకుమారి ఎందుకొచ్చావని అడిగింది.

"నిన్ను చూసేదానికి."

"ఇది కూడా పుట్టించినదేనా?"

"కాదు."

ఆమె తల వంచుకుని ఫైలు తిరగేసింది, తలకిందులుగా.

"మేం చర్చికి పోయేవాళ్ళం. మీ అవ్వ ఒప్పుకుంటాదా?"

మూడో నెల ఎక్స్‌రే చూసి, పెట్టిన ఎముక అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక వరండాలో అవ్వకు మా సంగతంతా చెప్పేశాను, ఒక్క ముక్క కూడా పెంచకుండా. కృపాకుమారి గోడకు ఆనుకుని నిలబడింది.

అవ్వ వాకర్ మీదనుంచి ఒక చెయ్యి తీసి ఆమె భుజం మీద వేసింది.

"నాలో ఉండే ఎముకది యా కులమో, యా దేవునికి మొక్కిందో ఎవురికీ తెలీదు. అదే నాకు అతుక్కుంటాండాది. నువ్వు అతుక్కోవా పాపా?"