పంతులుగారి నడుము

మధ్యాహ్న నివేదన ముగించి, కాసేపు నడుం వాల్చుదామని విరూపాక్షయ్యగారు గుడి మండపంలో తన స్తంభం దగ్గరికి వచ్చేసరికి, దానికెవరో పసుపు రాసి బొట్టు పెట్టారు. ఎదురుగా సీతారత్నం కొబ్బరికాయ కొడుతోంది.

"స్వయంభువు పంతులుగారూ. స్వామి రాతిలోంచి పుట్టుకొస్తున్నాడు" అంది.

స్తంభం మీద నిజంగానే గుండ్రటి ఉబ్బు ఉంది. అదేమిటో ఆయన నడుముకి వెంటనే తెలిసింది.

జీవసున్నం వచ్చాక పాత కట్టడాలకు ముసలితనం పోయింది. రాళ్ల సందుల్లోకి ఎక్కించిన ఆ సున్నంలో కంటికి కనపడని జీవులు కాపురం చేస్తాయి. బరువు ఎక్కడ పడితే అక్కడికి పాకి, గట్టిపడతాయి. ఒరిగిన మినార్లు నిలబడ్డాయి, బీటలిచ్చిన చర్చి గోడలు అతుక్కున్నాయి, ఈ శివాలయమూ కుదుటపడింది. ఆ బరువు పైకప్పుదా, పులిహోర తిన్న అర్చకుడిదా అని చూసుకునే తెలివి మాత్రం వాటికెవరూ నేర్పలేదు.

తనిఖీకి వచ్చిన కట్టడ వైద్యురాలు రెహానా, రాతి లోపలి చప్పుడు వినిపించే శిలానాడిని స్తంభానికి ఆన్చి విని, తలెత్తి చూసింది.

"సున్నమంతా ఇక్కడికే వచ్చేస్తోందండీ. పైన దూలం గుల్లబారుతోంది. ఈ ఉబ్బు చెక్కేయకపోతే వానల్లో మండపం కప్పు నిలవదు."

"స్వామి మీద ఉలి పెడతారా? నేను పోయాక పెట్టండి" అని సీతారత్నం స్తంభాన్ని కావిలించుకుంది. వెనక జనం పోగయ్యారు.

విరూపాక్షయ్యగారు ఇరుకున పడ్డారు. నోరు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే కప్పు పోతుంది. తాతల నాటి నుంచి తమవాళ్లు దీపం పెడుతున్న గుడి. కప్పు వంక చూస్తే నిజంగానే భయమేసింది. సీతారత్నాన్ని పక్కకి జరగమని, వెళ్లి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఉబ్బు ఆయన నడుము ఒంపులో అచ్చంగా ఒదిగిపోయింది.

"ఇది స్వామి కాదమ్మా. నా కునుకు. రోజూ ఇక్కడే తీస్తాను."

సీతారత్నం కళ్లు తుడుచుకుంది.

"సేవ చేసి అలిసిన నడుముకి స్వామే ఆసరా ఇచ్చాడన్నమాట. మరి మా నడుములేం పాపం చేశాయండీ?"

మర్నాటి నుంచి ఊళ్లోని నడుంనొప్పులన్నీ గుడికి తరలివచ్చాయి. స్తంభానికొకరు ఆనుకుని, తమకెప్పుడు ఉబ్బు వస్తుందా అని కాచుకుని కూర్చున్నారు. రెహానా తల పట్టుకుంది. నెల తిరిగాక మాత్రం శిలానాడి రెండుసార్లు పెట్టి విన్నది. జనం బరువు అన్ని స్తంభాల మీదా సమంగా పడేసరికి సున్నం తనంత తనే సర్దుకుని, దూలంలోకి మళ్లీ ఎక్కింది.

"ఉలి అక్కర్లేదు పంతులుగారూ. మీరు నిజం చెప్పబట్టి కప్పు నిలిచింది."

విరూపాక్షయ్యగారు మనసారా సంతోషించారు. నివేదన ముగించి, కండువా దులుపుకుని మండపంలోకి వచ్చారు. ప్రతి స్తంభం దగ్గరా ఎవరో ఒకరు గురక పెడుతున్నారు. ఆయన స్తంభం దగ్గర సీతారత్నం.

"కాస్త జరుగుతావా అమ్మా?"

"వరసలో రండి పంతులుగారూ" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.