మొదటిదా, రెండోదా?

“రీమేక్ అంటే నిన్నటి కూరని ఇవాళ వేడి చేసి వడ్డించడం,” అన్నాడతను.

“కొన్ని కూరలు మర్నాడే బావుంటాయి,” అంది చివరి వరుసలోంచి ఒక గొంతు.

అందరూ వెనక్కి తిరిగారు. ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, పెన్ను చెవి మీద దోపుకుని కూర్చుందామె. అతనూ తిరిగాడు. తిరిగినవాడు మళ్ళీ ముందుకి తిరగడం మర్చిపోయాడు.

అది శనివారం సినిమా క్లబ్బు. ఒక శనివారం ఒరిజినల్ వేస్తారు, మరుసటి శనివారం దాని రీమేక్ వేస్తారు. తర్వాత టీ, ఆ తర్వాత కొట్లాట. ఆ సారి ఒరిజినల్లో ఒక లైట్‌హౌస్ కాపలాదారు డాక్టరమ్మని ప్రేమిస్తాడు. ఆమె పడవెక్కి వెళ్ళిపోతుంటే నోరు విప్పకుండా చూస్తూ నిలబడతాడు. రీమేక్‌లో అతను లిఫ్ట్ ఆపరేటరు. ఆమె లిఫ్టు దిగి వెళ్ళిపోతుంటే వెనకాలే పరిగెత్తి, చెప్పాల్సింది చెప్పేస్తాడు.

“ఆ మౌనంలోనే ఉందండీ గొప్పతనమంతా,” అన్నాడతను.

“గొప్పదైతే పడవ ఎందుకు వెళ్ళిపోయింది?”

క్లబ్బులో వాళ్ళు ఆ రోజే ఇద్దరికీ పేర్లు పెట్టేశారు. అతను ‘ఒరిజినల్’, ఆమె ‘రీమేక్’.

రీమేక్‌ది పుట్టు అనుమానం. డబ్బా మీద ‘ఉప్పు’ అని రాసి ఉన్నా నాలుక్కి రాసుకుని చూశాకే కూరలో వేసే రకం. “అద్దంలో నీ మొహం చూసుకుని కూడా ఎవరీ అమ్మాయి అని ఆరా తీస్తావే నువ్వు,” అని వాళ్ళమ్మ విసుక్కునేది. దానికి తోడు ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ఒక టీవీ ఛానెల్ వాళ్ళు రీమేక్ సినిమా కొనేముందు దాన్నీ, ఒరిజినల్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఆమె చూడాలి. కాగితం మీద నిలువు గీత గీసి, ‘ఉంచినవి’ ఎడమవైపు, ‘మార్చినవి’ కుడివైపు రాయాలి. అట్టడుగున ఒక గడి, ‘తీసుకోవచ్చా?’ అని. ఒట్టి నకలైతే ‘వద్దు’ అని రాసెయ్యడమే. దాని కింద పై అధికారి సంతకం. ఆమె చేతి మీదుగా వెళ్ళినవాటిలో ముప్పాతిక ‘వద్దు’లే.

రెండో శనివారం కొట్లాటలో అతను, “మీ కళ్ళు ఒకసారి చూపించుకోవాలండీ. నాకు కళ్ళజోళ్ళ షాపుంది, రండి,” అన్నాడు. షాపు నిజంగా ఉందో లేదో చూద్దామని వెళ్ళింది. ఉంది. వెళ్ళినందుకు కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చాడు.

“మొదటిది బావుందా, రెండోదా?”

“రెండూ ఒకటే కదా? నన్ను పరీక్షిస్తున్నారా?”

“అవునండీ. ఇది పరీక్షే.”

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

అక్కడ మొదలై ఆరు నెలలు గడిచాయి. థియేటర్ బాల్కనీలో మూడో వరుస మూల సీట్లు, పోస్టాఫీసు ఎదురుగా బెంచీ, ఒక వానరోజు అతను పరిగెత్తుకెళ్ళి కొని తెచ్చిన ఆకుపచ్చ గొడుగు. ఆ వాన కూడా తెలివైనది. ఇద్దరూ దూరదూరంగా నడుస్తుంటే అటు కొంచెం ఇటు కొంచెం తడిపి, చివరికి ఒకే గొడుగు కిందకి తోసింది. అప్పుడన్నాడతను, “మీరు నవ్వితే నాకు కంటి చార్టులో ఆఖరి వరుస కూడా కనిపిస్తుంది.”

ఆ మాటని మాత్రం ఆమె అనుమానించలేదు. రాత్రంతా తిప్పి తిప్పి చూసుకుని, పొద్దున్నకి నమ్మింది.

తనకి ఇంతకుముందు ఒక సంబంధం కుదిరి ఆగిపోయిందని కూడా అతను దాచలేదు. “ఎందుకాగింది?” అంటే, “ఆమె వద్దంది,” అన్నాడు. అంతకంటే లాగినా రాలేదు. సరే, ఈ ఆదివారం రెండిళ్ళ పెద్దవాళ్ళూ కూర్చుని మాట్లాడుకునేదాకా వచ్చింది వ్యవహారం. ఆ రోజు ఆమె ‘సరే’ అంటే పెళ్ళి ఖాయం.

శుక్రవారం పొద్దున ఉంగరం కొలత కోసం అతని అక్క ఆమె ఆఫీసుకి వచ్చింది. మనసు మంచిదే కానీ, ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు.

“గొడుగు కొనిచ్చాడా మా వాడు?” అంది వేలికి దారం చుడుతూ.

“కొనిచ్చారు వదినా.”

“ఆకుపచ్చదేనా?”

దారం చుట్టిన వేలు వెనక్కి లాక్కుంది. “మీకెలా తెలుసు?”

“అప్పుడూ ఆకుపచ్చదే కొన్నాడమ్మా, ఆ అమ్మాయికి. బాల్కనీ మూల సీట్లేనా? ఆ బెంచీయేనా? చార్టులో ఆఖరి వరుస కనిపిస్తుందన్నాడా? వాడింతే, పిచ్చి వెధవ. మారడు!”

డైలాగు కూడా మార్చలేదు! ఆవిడ మెట్లు దిగుతుండగానే రీమేక్ కాగితం తీసి నిలువు గీత గీసింది. గొడుగు, సీట్లు, బెంచీ, డైలాగు, ఆవిడ వరసగా చెప్పుకుపోయిన మిగతావీ. ఎడమవైపు తొమ్మిది వరుసలు నిండాయి. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి, చూస్తే కళ్ళల్లో నీళ్ళు. రీమేకులు ఒరిజినల్‌కి సాటిరావని ఆరు నెలలు వాదించిన మనిషి, తననే రీమేక్ చేశాడన్నమాట. ఎవరినో తలుచుకుంటూ తన పక్కన కూర్చున్నాడన్నమాట. అట్టడుగు గడి ఖాళీగానే వదిలేసి, ఆ కాగితాన్ని ఆఫీసు బంట్రోతుతో షాపుకి పంపించింది.

మధ్యాహ్నం వాన మొదలైంది. ఆ ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం మానేసి అప్పటికి మూడు వారాలు.

అతను తలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడుతో సహా ఒళ్ళంతా తడిసి ముద్దయింది. చేతిలో కాగితం ఉంది. నోరు తెరిచాడు, మాట రాలేదు, ఊపిరి మాత్రమే వచ్చింది.

“మౌనమా? గొప్పగా ఉంది,” అందామె.

అతను చెయ్యెత్తి ఒక్క నిమిషం ఆగమన్నాడు. గోడ పట్టుకున్నాడు. పక్క సీటు ఆవిడ మంచినీళ్ళిచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

“తొమ్మిదీ నిజమే,” అన్నాడు చివరికి.

అబద్ధమంటాడని, అక్కని తిడతాడని సిద్ధంగా ఉందామె. ఈ మాటకి సిద్ధంగా లేదు.

“నిజమేనా?”

“నా షాపు పక్కన గొడుగుల కొట్టు ఒక్కటే ఉందండీ. నలుపు, ఆకుపచ్చ, రెండే రంగులు. నలుపు మీకు నచ్చదు. మూల సీట్లయితే నా కాళ్ళు పడతాయి. ఆ డైలాగు... ఆ డైలాగు నాకు వచ్చిన ఒకే ఒక్క డైలాగు. నేను కళ్ళజోళ్ళవాణ్ణి, కవిని కాదు.”

పక్క సీటు ఆవిడ ఫక్కున నవ్వి, దగ్గుగా మార్చుకుంది.

“అయితే నేను నకలునేగా?”

“మీ కాగితంలో కుడివైపు ఖాళీగా ఉంది.” అతని గొంతు మొదటిసారి గట్టిగా పలికింది. “ఏ సినిమాకైనా రెండువైపులా రాస్తారు కదా! నాకొచ్చేసరికి ‘మార్చినవి’ వదిలేశారేం?”

ఆమె ఉలిక్కిపడింది. ఈ ఉద్యోగంలో నాలుగేళ్ళుగా ఏనాడూ చెయ్యని పొరపాటది.

అతను కాగితం ఇచ్చాడు. కుడివైపు ఇప్పుడు అక్షరాలున్నాయి.

*ఒకటి. అప్పుడు ఆమెకి ఏ సినిమా నచ్చితే నాకూ అదే నచ్చిందన్నాను. ఇప్పుడు ఆరు నెలల్లో ఒక్క సినిమా విషయంలోనూ మీతో ఒప్పుకోలేదు.*

*రెండు. నీకేం కావాలి అని ఆమె ఏడాదిపాటు అడిగింది. నీ ఇష్టం అన్నాను. నువ్వెవరో నాకు తెలియలేదు అని ఉంగరం ఇచ్చేసింది.*

*మూడు. ఆమె బస్సెక్కుతుంటే నోరు విప్పకుండా నిలబడ్డాను. గొప్పతనం అనుకున్నాను. పిరికితనం.*

*నాలుగు. ఇప్పుడు నాకేం కావాలో తెలుసు.*

“ఇదంతా ఎవరు చెప్పారు రాయమని?” అందామె. పాత అలవాటు.

“ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద రాశాను.”

నమ్మలేదు. కాగితం తిప్పి చూసింది. వెనకంతా గోడ సున్నం అంటుకుని ఉంది. మొదటి వరుసలో అక్షరాలు కుదురుగా ఉన్నాయి. కిందికి వస్తున్నకొద్దీ వంకర్లు పోయి, ‘నాలుగు’ దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లల రాతలా ఉంది. ఒక్కో అంతస్తులో ఆగి గోడకి ఆనించుకుని రాసిన రాత అది. ఇలాంటి సాక్ష్యం దొంగగా పుట్టించడం కష్టమని ఆమె వృత్తి ఆమెకి చెప్పింది. మనసుకి ఆ సాక్ష్యం కూడా అక్కర్లేకపోయింది.

“ఆదివారం నేను వద్దంటే?” అంది మెల్లగా.

“వాదిస్తాను. రోజూ ఈ ఐదంతస్తులూ ఎక్కొచ్చి వాదిస్తాను. మీరంటే ఇష్టం అని మీరు ఒప్పుకునేదాకా చెప్తాను.”

“అంటే లైట్‌హౌస్ కంటే లిఫ్టే బాగుందని ఒప్పుకున్నట్టేనా?”

“పనిచేసే లిఫ్టయితే.”

ఆమె అతని దగ్గరికొచ్చి, అరచేత్తో అతని ఎడమ కన్ను మూసింది, షాపులో అతను మూసినట్టే.

“మొదటిదా? రెండోదా?”

“రెండోది.”

“మళ్ళీ చూసి చెప్పండి.”

“రెండోదే.”

“సరిగ్గా కనిపిస్తోందా?”

“ఏమీ కనిపించట్లేదు. అద్దాల నిండా ఆవిరే. అయినా రెండోదే.”

ఆమె అతని కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో తుడిచి, తనే మళ్ళీ పెట్టింది. “నీళ్ళోడుతున్నావు. గొడుగు తెచ్చుకోవచ్చు కదా నువ్వు?” అంది. ‘నువ్వు’ అన్న సంగతి పక్క సీటు ఆవిడే ముందు గమనించింది.

“నా గొడుగు నీకిచ్చేశాగా!”

ఆమె చెవి మీది పెన్ను తీసి, అట్టడుగు గడిలో ఒక మాట రాసింది. అతను తొంగి చూడబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది.

“పై అధికారి సంతకం కాకుండా చూపించకూడదు.”

ఆదివారం రెండిళ్ళవాళ్ళూ ముందుగదిలో కూర్చున్నారు. పెద్దవాళ్ళ మాటలింకా వాతావరణం దగ్గరే ఉన్నాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి అమ్మ చేతిలో కాగితం పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఎడమవైపు చదివింది, కుడివైపు రెండుసార్లు చదివింది. అట్టడుగున ‘తీసుకోవచ్చు’ అన్న మాట మీద వేలుంచి, ముందుగదిలోకి ఒకసారి తొంగి చూసింది. అక్కడ అబ్బాయి కుర్చీ అంచున కూర్చుని, ఈ వైపే చూస్తున్నాడు.

“ఒరిజినల్ నేను చూళ్ళేదు కానీ,” అంది అమ్మ, కూతురి చెవి మీది పెన్ను అందుకుంటూ, “ఇది బాగానే ఉన్నట్టుందే.”

సంతకం పెట్టింది.